వీధి ఫోటోల్లో వెనక ఉన్నదంతా మసకబరచాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కొత్తగా 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు కొన్నారు, ఆదివారం సంతలో జనం పనిలో ఉండగా వాళ్ళ ధ్యాస చెదరకుండా ఫోటోలు తీస్తున్నారు. వెనకంతా మెత్తగా మసకబారి బాగుంటోంది కానీ పదింటిలో ఏడింటికి ఫోకస్ మొహం మీద కాకుండా చెవి మీదో, భుజం మీదో పడుతోంది. లోపం లెన్సుదా, మీ చేతిదా అని అడిగారు. లెన్సుదీ కాదు, చేతిదీ కాదు. ఆ పనికి ఆ అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, స్పష్టంగా ఉండే మేర తక్కువ) సరిపోదు, అంతే.

ముందు లెక్క చూడండి. మీది ఏపీఎస్-సీ సెన్సరు (పాత ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నది) అన్నారు. దాని మీద 50 ఎంఎం లెన్సును ఎఫ్/1.8లో ఉంచి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే, ముందూ వెనకా కలిపి స్పష్టంగా కనిపించే మేర సుమారు 11 సెంటీమీటర్లు. అర జానెడు. వంకాయలు ఏరుకుంటున్న మనిషి ఒక్కసారి ముందుకు వంగితే ఆ అర జానెడు దాటిపోతాడు. అదే కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ లెన్సును 18 ఎంఎం దగ్గర ఎఫ్/8లో ఉంచి, అదే రెండు మీటర్లకు ఫోకస్ చేయండి. మీటరు దూరం నుంచి కనుచూపు మేర దాకా అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. నిజానికి పూర్తి స్పష్టత ఫోకస్ చేసిన ఆ ఒక్క దూరంలోనే ఉంటుంది. దానికి ముందూ వెనకా మన కన్ను ఎంతవరకు సర్దుకుపోతుందో అదే డెప్త్ ఆఫ్ ఫీల్డ్. అందుకే ఫోనులో బాగున్న ఫోటో పెద్ద ప్రింటు వేస్తే దూరపు అంచుల్లో కాస్త మెత్తగా అనిపిస్తుంది.

నేనూ ఎఫ్/1.8తోనే మొదలుపెట్టాను. ఒక చలికాలం పొద్దున రావులపాలెం అరటి మార్కెట్‌కు వెళ్ళాను. సైకిలుకు రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని రైతులు వరసగా తోసుకుంటూ వస్తారు, చూసే ఉంటారు. ఒక పెద్దాయన గడ్డం హ్యాండిల్‌కు ఆనేంతగా వంగి తోస్తున్నాడు. నాలుగు ఫోటోలు తీశాను. మూడింటిలో ఫోకస్ ముందున్న గెల మీద పడింది. కాయల చివర ఎండిన నల్లటి మొనలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, ఆయన మొహం మాత్రం లేదు. నాలుగో దానిలో మొహం కుదిరింది, కనురెప్పల మీది చెమట కూడా కనిపించింది.

ఇంటికి వచ్చి చూసుకుంటే, గురి తప్పిన మూడింటికన్నా కుదిరిన ఆ ఒక్కటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన వెనక ఆకుపచ్చటి పొగలాంటిది తప్ప ఏమీ మిగలలేదు. నేలమీద పరిచిన గెలలు, వేలంపాట పాడేవాడి చుట్టూ మూగిన జనం, లారీలోకి గెల అందిస్తున్న చేతులు, ఆయన వెనకే వస్తున్న మరో పది సైకిళ్ళు, అన్నీ పోయాయి. ఏ ఊళ్ళోనైనా, ఏ రోడ్డు మీదైనా తీయగలిగిన ముసలాయన బొమ్మ అది. రావులపాలెం అందులో లేదు.

ఆ తర్వాత నర్సాపురం రేవులో పద్ధతి మార్చాను. సఖినేటిపల్లి వెళ్ళే పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద 18 ఎంఎం, ఎఫ్/8, ఫోకస్ రెండు మీటర్లకు కట్టేసి నిలబడ్డాను. ఒకావిడ ఖాళీ చేపల తట్ట బోర్లించి దాని మీద కూర్చుని, బొటనవేలు నాలుకకు తడుపుకుంటూ నోట్లు లెక్కపెడుతోంది. వెనక సైకిలు పట్టుకుని స్కూలు డ్రస్సులో ఒక కుర్రాడు, వాడి వెనక తాడు చుడుతున్న పంటు మనిషి, ఆపైన అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు. నేను ఆవిడ చేతుల్నే చూస్తూ నొక్కాను. రాత్రి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, ఆ కుర్రాడు కూడా పెదవులు కదుపుతూ ఆవిడతోపాటు ఆ నోట్లు లెక్కపెడుతున్నాడు! ఎఫ్/1.8లో వాడు ఒక తెల్లచొక్కా మరక అయ్యేవాడు. తీసేటప్పుడు మనం చూడనిది కూడా ఫోటోలో నిలవాలంటే ఈ లోతు కావాలి. అనుకోకుండా తీసే ఫోటోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

చేసే విధానం కష్టమేమీ కాదు. సైకిలు పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ, ఆ దూరం కంటికి అలవాటు చేసుకోండి. అంత దూరంలో ఉన్న దేనిమీదనైనా ఆటోఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. ఆపైన జూమ్ రింగు కదపకూడదు, కదిపితే ఫోకస్ జరిగిపోతుంది. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాల్లో కెమెరా ఆపి మళ్ళీ పెడితే కూడా చెదురుతుంది, సరిచూసుకోండి. ఇక జరగవలసింది మీ కాళ్ళే.

వెలుతురు సంగతి మరచిపోవద్దు. ఎఫ్/1.8తో పోలిస్తే ఎఫ్/8లో వచ్చే వెలుతురు ఇరవయ్యో వంతు. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100కే 1/400 సెకను షట్టర్ స్పీడు వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. సంతలో టార్పాలిన్ పట్టాల కింద మాత్రం ఐఎస్ఓ 1600, 3200 దాకా వెళ్ళాలి. వెళ్ళండి. ఫోటోలో కాస్త గరుకుదనం వచ్చినా ఫరవాలేదు, షట్టర్ 1/250కి తగ్గనివ్వకండి. మీ పాత ఫోటోలు కూడా మళ్ళీ చూడండి: మొహం మసకగా ఉండి పక్కనున్న బుట్ట స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు, అన్నీ ఒకే వైపుకు సాగినట్టుంటే షట్టర్ చాలనట్టు. చాలామంది రెండో దాన్ని మొదటిదనుకుని లెన్సులు మారుస్తారు.

ఎఫ్/8కి ఒక కష్టం ఉంది. అన్నీ కనిపిస్తే అన్నీ మాట్లాడతాయి. తలలోంచి మొలిచినట్టు కరెంటు స్తంభం, మొహం పక్కనే ఎర్రటి ఫ్లెక్సీ, మనిషి మీద మనిషి. మసకతో దాచే వీలు లేదు కాబట్టి అడుగు ఎడమకో కుడికో వేసి మనుషుల మధ్య సందు వెతుక్కోవాలి. మన దేశపు ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ రంగుల ఫోటోలు చూడండి, అంత రద్దీలోనూ ఎవరి చోటు వారికి ఉంటుంది.

అలాగని మీ 50ని పక్కన పడేయమనను. కార్తీక పౌర్ణమి రాత్రి రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో నాకు అదే దిక్కు. ఆ చీకట్లో ఎఫ్/8 కుదరదు, అక్కర్లేదు కూడా. అరటిదొప్పలో దీపం వదులుతున్న మనిషికి ఆ క్షణంలో మిగతా రేవు ఉండదు. అక్కడ నేను మొహం మీద కాకుండా, గాలికి అడ్డుపెట్టిన అరచేతి మీద ఫోకస్ చేస్తాను. వేళ్ళ సందుల్లో ఎర్రగా వెలుతురు, దాని వెనక సగం కరిగిన మొహం, నీటి మీద మిగతా దీపాలన్నీ గుండ్రటి వెలుగు ముద్దలు. చూసేవాళ్ళ కన్ను ముందు ఆ చేతి దగ్గరికే వెళుతుంది.

ఒక మాట. 18 ఎంఎంతో తీయాలంటే దగ్గరికి వెళ్ళక తప్పదు, మనవాళ్ళు చూసేస్తారు, “ఏ పేపరు బాబూ?” అని అడుగుతారు. ఉన్నమాట చెప్పి ఫోటో చూపించండి. వద్దంటే వాళ్ళ ఎదుటే దాన్ని చెరిపేయండి.

వచ్చే ఆదివారం 50ని ఇంట్లో ఉంచి, ఒక గంట ఇలా తీసి ఇక్కడ పెట్టండి. కుదరనివి కూడా పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో కలిసి చూద్దాం.