వలలో తాబేలు పడితే నేరమా?

ప్రశ్న: విశాఖలో మాకు మరబోటు ఉంది. ఫిబ్రవరిలో రొయ్యల వేటకు వెళ్లినప్పుడు వలలో రెండు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చాయి. బతికున్నదాన్ని వదిలేశారు. చచ్చినదాన్ని మా కలాసీలు సముద్రంలోనే పడేశారు. ఆ వీడియో ఎవరో బయటపెట్టారు. అటవీశాఖ నోటీసు ఇచ్చింది. కావాలని పట్టలేదు కదా! జైలు, బోటు జప్తు అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక బోటు యజమాని

జవాబు: కావాలని పట్టలేదన్నది మీకు పనికొచ్చే మాటే. కానీ ఆ ఒక్క మాటతో బయటపడలేరు.

వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఆలివ్ రిడ్లే మొదటి షెడ్యూల్ జీవి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్‌లోనే. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం కూడా. రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తగ్గదు. కనీస జైలుశిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ పడే వీలు లేదు. ‘ఎంతో కొంత ఇచ్చేస్తే అయిపోతుంది’ అని రేవులో ఎవరైనా చెబితే నమ్మకండి.

మీకు అక్కరకొచ్చేది భారతీయ న్యాయ సంహిత 18వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 80. ప్రత్యేక చట్టాల కింద పెట్టే కేసులకూ ఇది వర్తిస్తుంది. చట్టం ఒప్పుకునే పనిని, ఒప్పుకునే పద్ధతిలో, తగిన జాగ్రత్తతో చేస్తుండగా పొరపాటున జరిగింది నేరం కాదని దాని సారాంశం. అంటే తాబేలు ఎలా పడిందన్నదానికన్నా మీరు రొయ్యల వేట ఎలా చేశారన్నదే ముఖ్యం. ఆ సంగతే మీరు రాయలేదు. వలకు టెడ్ (తాబేలు బయటపడేందుకు వలలో బిగించే చట్రం) ఉందా? తీరానికి ఎంత దూరంలో లాగారు?

మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే. అక్కడ వల లాగి ఉంటే 18వ సెక్షన్ మాట మర్చిపోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే నిషేధ కాలం కాదు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఫిబ్రవరి గుడ్లు పెట్టే కాలం. తాబేళ్లు ఒడ్డుకు దగ్గరగా తిరుగుతాయని బోటు నడిపే ప్రతి సరంగుకూ తెలుసు. తెలిసినప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలంటారు జడ్జి.

టెడ్ అంటే వల చివరి సంచికి ముందు ఏటవాలుగా బిగించే ఊచల చట్రం. రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పై కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మన వలలకు సరిపోయేలా తయారుచేసింది. వలలో పడ్డ సరుకు కొంత పోతుందని మనవాళ్లు దాన్ని కట్టరు. ఈ టెడ్ గొడవ వల్లే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం లేదు. ఇక్కడ కోర్టులో కూడా, టెడ్ లేకుండా ‘తగిన జాగ్రత్త తీసుకున్నాం’ అనడం కష్టమే.

చచ్చినదాన్ని పడేయడం మాత్రం తప్పే. 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికినా, పొరపాటున చంపినా వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. చేతికొచ్చిన 48 గంటల్లో పోలీసులకో అటవీశాఖకో చెప్పాలి, అడిగితే అప్పగించాలి. మన తీరంలో కూర్మావతారమని దణ్ణం పెట్టి నీళ్లలో వదిలేవాళ్లే ఎక్కువ, మీ కలాసీలూ అలాగే చేసి ఉంటారు. అయినా వీడియో ఉన్నప్పుడు దాచి లాభం లేదు. నోటీసుకు ఇచ్చే జవాబులో ఉన్నదున్నట్టు రాయండి. మరో సంగతి, బాగా అలసిన తాబేలు కూడా కదలకుండా పడుంటుంది. ఇకముందు చచ్చిందనుకున్నదాన్ని తడిబట్ట కప్పి, వెనక భాగం కాస్త ఎత్తి, డెక్ మీద కొన్ని గంటలు ఉంచి చూడమని చెప్పండి.

బోటును పట్టుకునే అధికారం అటవీశాఖకు ఉంది. అయితే కేసు తేలేదాకా రేవులో తుప్పు పట్టాల్సిన పనిలేదు. ఈ చట్టం కింద పట్టుకున్న వాహనాన్ని విచారణ సాగుతుండగా విడుదల చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని 2008లో మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 497వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి.

నోటీసు గడువు దాటనివ్వకండి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఆ రోజు జీపీఎస్ ట్రాక్, టెడ్ ఉంటే దాని రసీదు తీసుకుని ముందు లాయరును కలవండి. సహాయ అటవీ సంరక్షణాధికారి స్థాయి అధికారి మీ ఎదుట నమోదు చేసిన సాక్ష్యాన్ని కోర్టులో వాడుకోవచ్చు. అందుకే మీరైనా, కలాసీలైనా చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దు.