తీరిక వేళల్లో రాసిన ప్రోగ్రామా?

నల్లగొండ

అమ్మాయీ,

నీ కథ అందింది. కొడుకు ఏం పని చేస్తాడో చుట్టాలకు చెప్పలేక తల్లి బత్తాయిల ధర మీదికి మాట మళ్లించే చోటు బాగుంది. దాన్ని ముట్టుకోకు.

నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత. “ఆయన తీరిక వేళల్లో సాఫ్ట్‌వేర్ కూడా రాసేవాడు” అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. మన దగ్గర లెక్కలు చదివి, జన్యువుల వైపు మళ్లి, ఆచార్యుడైన మనిషి కథ ఇది. ఆ ప్రోగ్రామే కదా ఆయన పని! మేధస్సుకు మూడు పేరాల విశేషణాలు, ఒక సన్మానం, ఒక శాలువా. పనికి మాత్రం తీరిక వేళలు.

రెండు ప్రొటీన్లను పోల్చే పద్ధతి ఇచ్చిన స్మిత్, వాటర్‌మన్ పేర్లు ఎత్తావు. 1981లో వాళ్లు అచ్చువేసింది మూడు పేజీలే. వాళ్లేం చేశారో నీ కథలో ఎక్కడా లేదు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. గళ్ల కాగితం మీద ఒక ప్రొటీన్ అక్షరాలు అడ్డంగా, ఇంకోదానివి నిలువుగా రాస్తారు. అక్షరాలు కలిస్తే మార్కులు కలుపుతారు, కలవకపోయినా మధ్యలో ఖాళీ వదిలినా కోస్తారు. ఇంతవరకు 1970 నాటి నీడిల్‌మన్, వున్ష్ పద్ధతిలోనూ ఉంది. వీళ్లు చేసిందల్లా, మార్కులు సున్నా కిందికి పోతే అక్కడ సున్నా వేసి మళ్లీ మొదలుపెట్టడం. దాంతో రెండు పొడవాటి ప్రొటీన్లలో ఎక్కడో చిన్న ముక్క మాత్రమే కలిసినా దొరికిపోతుంది. పట్టుమని పది అక్షరాలతో నువ్వే గళ్లు నింపి చూడు. నీ కథానాయకుడు ఏ గడి దగ్గర తల పట్టుకున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఆ సున్నాను జీవితానికి అన్వయిస్తూ ఒక వాక్యం రాయాలనిపిస్తుంది. రాశావంటే మళ్లీ నాకు పంపకు.

అంకెలు కనిపిస్తే పాఠకులు పారిపోతారని నీకు ఎవరు నూరిపోశారో ఊహించగలను. నేనూ విన్న మాటే. మర్రిగూడ వైపు ఊళ్ల ఫ్లోరైడ్ నీళ్ల గురించి వ్యాసం రాసి, ఏ బోరులో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో, ఒకటిన్నర దాటితే ఏమవుతుందో పట్టిక వేసి ఇచ్చాను. సంపాదకుడు పట్టిక పీకేసి, వంకర కాళ్ల పిల్లవాడి ఫొటో పెద్దది వేశాడు. శీర్షికలో “విషం” అనే మాట ఆయన సొంత కవిత్వం. పత్రిక చేత్తో పట్టుకుని ఒక రైతు మా ఇంటికి వచ్చి అడిగాడు: “ఇంతకీ మా బోరు నీళ్లు తాగొచ్చా, వద్దా సారూ?” ఆయనకు కావలసిన జవాబు పీకేసిన పట్టికలో ఉంది.

నీ కథకు కావలసిన గొడవంతా ఆ ఉద్యోగంలోనే ఉంది. లెక్కల శాఖవాళ్లు “ఇది జీవశాస్త్రం” అంటారు, జీవశాస్త్రంవాళ్లు “మా లెక్కలు చూసిపెట్టే ఆయన” అంటారు. పదోన్నతికి వ్యాసాలు లెక్కపెడతారు. ప్రోగ్రామును ఏళ్ల తరబడి సరిదిద్దుతూ కూర్చుంటే ఏ కాలమ్‌లో రాయాలో తెలియదు. రాసిన విద్యార్థి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. పాడైతే ఉత్తరాలు మాత్రం గురువుకే వస్తాయి. అప్పట్లో ఆక్లండ్‌లో గణాంకశాస్త్రం చెప్పిన ఇహాకా, జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈరోజుకీ నడుస్తోందంటే, ఎవరో కూర్చుని బాగుచేస్తూ ఉండబట్టే.

సెప్ట్2 అని ఒక జన్యువు ఉండేది. ఎక్సెల్‌లో కొడితే సెప్టెంబరు 2 అయి కూర్చునేది. అప్పట్లో ఎక్సెల్ మారలేదు. 2020లో జన్యువులకు పేర్లు ఖరారు చేసే సంఘమే దిగివచ్చి దాన్ని సెప్టిన్2 చేసింది. నీ ఆచార్యుడి పట్టికలో, వ్యాసం పంపాల్సిన ముందు రాత్రి, ఒక జన్యువు తేదీగా మారిందనుకో. శాలువా అవసరమే ఉండదు.

కలం పేరు, పోటీల సంగతి అడిగావు. అవి తర్వాత. కథ తిరగరాసి పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. ఆ ప్రోగ్రాము ఏం చేస్తుందో మొదటి రెండు పేజీల్లోనే రావాలి.