ఇంటర్నెట్ రేడియోలో బోర్డ్ గేమ్స్ షో: బల్ల కనిపించని వాళ్లను ఆటలో కూర్చోబెట్టడం ఎలా?

ప్రశ్న: మేం నలుగురం కలిసి వైజాగ్ నుంచి వారానికోసారి ఇంటర్నెట్ రేడియోలో బోర్డ్ గేమ్స్ మీద లైవ్ టాక్ షో చేస్తున్నాం. మొదట్లో కాసేపు వింటారు, తర్వాత మెల్లగా జారుకుంటున్నారు. ఫోన్లూ పెద్దగా రావు. ఏం మార్చాలి?

జవాబు: సీతమ్మధారలో మా స్నేహితుడి ఇంట్లోంచి నడిచిన ఇలాంటి షోకి మైకుల, ఫోన్ల శబ్దాలు కలిపే మిక్సరూ ఫోన్ లైనూ నేనే చూసుకునేవాణ్ణి. ఎంతమంది వింటున్నారో సర్వర్ పేజీలో ఎప్పటికప్పుడు కనిపించేది. రూల్స్ వివరించడం మొదలయ్యిందంటే ఆ అంకె పడిపోయేది. ఎంత బాగా చెప్పినా అంతే. బల్ల ఎదురుగా లేనివాళ్లకు రూల్స్ గుర్తుండవు. అందుకే షోలో ఆట మొత్తాన్ని వివరించకండి, ఆటలో వచ్చే ఒక చిక్కు తీసుకోండి.

కటాన్ అనే బోర్డ్ గేమ్ ఉందనుకోండి. క్లాస్ టోయిబర్ తయారుచేశాడు, 1995లో వచ్చింది, బోర్డు మీద 19 పలకలుంటాయి అంటూ మొదలుపెడితే వినేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇలా అడిగి చూడండి: "మీ దగ్గర ఒక్క ఇల్లు కట్టడానికే సరుకుంది. 8 అంకె ఉన్న గోధుమ పొలం పక్కన కడతారా, 3 ఉన్న ఇటుకల కొండ పక్కనా? ఇటుకలు ఇంకెవరి దగ్గరా లేవు, అందరూ వాటికోసమే చూస్తున్నారు." పాచికల మొత్తం పలక మీది అంకెతో కలిస్తేనే అక్కడి సరుకు దొరుకుతుంది. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు. అందులో 8 వచ్చేవి ఐదు, 3 వచ్చేవి రెండే. మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా మనసులోనే లెక్కేసుకుంటారు. మీ నలుగురిలో ఇద్దరు గోధుమ వైపు, ఇద్దరు ఇటుకల వైపు నిజంగా వాదించుకోండి. ఆ కాసేపూ ఎవరూ కదలరు.

మా షోని నిలబెట్టింది మాత్రం పులి-మేక. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. మూడు పులులు, పదిహేను మేకలు. మేం ఆడిన పటంలో గీతలు కలిసే చోట్లు 23. పై కొన నుంచి కింది దాకా ప్రతి చోటికీ ఒక నంబరు వేసి, ఆ బొమ్మను ముందురోజే వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లం. హోస్ట్‌ది పులి పక్షం, వినేవాళ్లందరిదీ కలిపి మేకల పక్షం. మేకను ఎక్కడ పెట్టాలో వాళ్లు నంబరు పంపాలి, ఎక్కువమంది ఏది చెప్తే అదే ఎత్తు. గంట షోలో నాలుగైదు ఎత్తులకు మించి అయ్యేవి కావు. ఆట మరుసటి వారానికి సాగేది, వాళ్లూ తిరిగి వచ్చేవాళ్లు. పైగా మేకలన్నీ దిగేదాకా బోర్డు మీదున్న మేకను కదపకూడదు కాబట్టి ప్రతి ఎత్తు మీదా గ్రూపులో పెద్ద చర్చ. గాజువాక నుంచి ఒకావిడ వంటింటి గచ్చు మీద సుద్దతో పటం గీసి, చింతపిక్కల్ని మేకలుగా పెట్టి ఫొటో పంపారు. ఆ తర్వాత చాలామంది అలాగే ఇంట్లో పటం వేసుకుని వినడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక సాంకేతిక సంగతి చూసుకోవాలి. మీరు మాట్లాడింది శ్రోత చెవికి చేరేసరికి అర నిమిషం దాకా ఆలస్యం ఉండొచ్చు. ప్రశ్న అడిగి జవాబుల కోసం ఊరికే ఎదురుచూస్తే షోలో నిశ్శబ్దం వచ్చేస్తుంది. అడిగాక ఇంకో విషయంలోకి వెళ్లి, రెండు నిమిషాల తర్వాత జవాబులు చదవండి. ఫోన్ చేసినవాళ్లను లైన్లోకి తీసుకునే ముందే తమ దగ్గరి రేడియో ఆపేయమని చెప్పాలి, లేకపోతే తమ గొంతు తమకే వెనకనుంచి వినిపించి మాట తడబడుతుంది. మీ మిక్సర్ నుంచి కూడా వాళ్లకు వాళ్ల గొంతు తప్ప మిగతాదంతా వెళ్లాలి. దీన్నే మిక్స్-మైనస్ అంటారు. మిక్సర్‌లో ఫోన్‌కి వెళ్లే ఆక్స్ (విడి అవుట్‌పుట్)లో ఆ ఫోన్ చానెల్‌ని సున్నాకి దించితే చాలు.

మే నెలలో మన ఉక్కపోతకు ఫ్యాన్ ఆపి కూర్చోలేం కదా, అందుకని ఫ్యాన్ చప్పుడు కూడా పట్టేసే కండెన్సర్ మైక్ కాకుండా డైనమిక్ మైక్ తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకోండి. మాటలకు 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) మోనో, అంటే ఒకే చానెల్, సరిపోతుంది, గంటకు 29 ఎంబీ దాకా డేటా ఖర్చవుతుంది. 128 పెడితే దానికి రెట్టింపు. వైఫై పోతే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి.

ఇక ఫోన్లు రావాలంటే "మీ అభిప్రాయం చెప్పండి" అని అడగొద్దండి. అందరికీ తెలిసి, ఇంటికో రకంగా ఉండే విషయం అడగండి. అష్టాచెమ్మాలో అవతలివాళ్ల కాయను ఒక్కటైనా చంపందే లోపలి గళ్లలోకి వెళ్లకూడదు అని కొందరి ఇళ్లలో గట్టి నియమం, కొందరి ఇళ్లలో అది లేనే లేదు. ఈ ఒక్క ప్రశ్నకు మాకు అనకాపల్లి నుంచీ శ్రీకాకుళం నుంచీ ఫోన్లొచ్చాయి. ఎక్కువగా అమ్మమ్మలు, వాళ్ల పక్కన లౌడ్‌స్పీకర్ పట్టుకున్న మనవలు. వాళ్లను తొందరపెట్టకండి, వాళ్ల యాసను సరిచేయకండి. గవ్వలు ఎలా గిలక్కొట్టేవారో, ఎవరు తొండి చేసేవారో చెప్పనివ్వండి. అక్కణ్ణుంచి కటాన్ పాచికల దగ్గరకు రావడం చాలా తేలిక, విన్నవాళ్లు కొత్త ఆటకి భయపడరు కూడా.

టైము కూడా ఒకసారి చూసుకోండి. రాత్రి తొమ్మిదికి పెడితే ఫ్యాక్టరీల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పనిచేసే బి షిఫ్ట్ వాళ్లు ఇంకా డ్యూటీలోనే ఉంటారు. మేం ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టేవాళ్లం, ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండే వేళ. లైవ్‌కి రాలేనివాళ్ల కోసం రికార్డింగుతో పాటు ఆ రోజు పులి-మేక ఎక్కడ ఆగిందో ఆ బొమ్మ కూడా గ్రూపులో పెట్టండి, వచ్చే వారం మొదటి ఎత్తుకి వాళ్లూ నంబరు పంపగలుగుతారు.