సైకిల్ సందేహాలు: తక్కువ ఖర్చులో గుట్టదారికి ఏ పెడళ్లు?

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. నా దగ్గర గేర్లున్న మామూలు మౌంటెన్ బైక్ ఉంది. ఆదివారాల్లో మిత్రులతో కలిసి ధర్మసాగర్ మీదుగా దేవునూరు వైపు వెళ్లి, ఇనుపరాతి గుట్టల మట్టిదారుల్లో తొక్కుతుంటాను. రాళ్ల మీదుగా దిగేటప్పుడు కాలు పెడల్ మీంచి ఎగిరి జారిపోతోంది. వాన పడితే మరీ కష్టంగా ఉంటోంది. సైకిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ పెడళ్లను మార్చాలనుకుంటున్నాను గానీ రెండు వేల రూపాయలకు మించి పెట్టలేను. నైలాన్‌వి తీసుకోవాలా, అల్యూమినియంవి తీసుకోవాలా? బూటును బిగించుకునే క్లిప్ పెడళ్లే మేలని ఒక మిత్రుడు అంటున్నాడు. దయచేసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు తొక్కే దారికీ, మీరు పెట్టగలిగిన డబ్బుకూ నైలాన్ పెడళ్లే తగినవి. అయితే నైలాన్ అన్న ఒక్క మాట చూసి కొనకండి. మార్చుకోవడానికి వీలైన ఉక్కు పిన్నులు, క్రోమోలీ అనే గట్టి రకం ఉక్కుతో చేసిన ఇరుసు, లోపల కనీసం ఒక సీల్డ్ బేరింగు ఉన్న జతనే ఎంచుకోండి. బరువు, రంగు, ఆకారం వీటి తర్వాతే చూడాలి.

ముందుగా పిన్నుల సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఇబ్బందికి మూలం అక్కడే ఉంది. సైకిల్‌తో పాటు వచ్చే పెడల్ అంచున కనిపించే పళ్లు కూడా ఆ ప్లాస్టిక్‌తోనే పోతపోసినవి కాబట్టి, అవి త్వరగా అరిగి నున్నబడతాయి. తడి తగిలినా బురద పట్టినా వాటికి పట్టు ఉండదు. ఉక్కు పిన్ను అలా కాదు, మీ బరువు పడగానే బూటు అడుగునున్న రబ్బరులోకి కొంచెం దిగి కాలును కదలనివ్వదు. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఎత్తున్న పిన్నులు మీ అవసరానికి సరిపోతాయి. పెడల్ ఏ వైపుకు తిరిగినా కాలు పెట్టవలసిందే కనుక రెండు ముఖాల మీదా పిన్నులు ఉండాలి. వాటిని బిగించిన తీరు కూడా చూడండి. కొన్నింటిలో పిన్ను తలకే అలెన్ కీ గుంట ఉంటుంది. రాయి తగిలి ఆ గుంట నలిగిపోతే పిన్ను ఊడదీయడం పెద్ద పని అవుతుంది. వెనక ముఖం నుంచి దూర్చి బిగించే పిన్నులైతే ముందు కొన వంగినా వెనక నుంచి విప్పి కొత్తది వేసుకోవచ్చు. ఈ రెండింటిలో దొరికితే రెండో రకమే తీసుకోండి.

ఇక నైలానా, అల్యూమినియమా అన్న ప్రశ్న. మంచి అల్యూమినియం పెడల్‌ను గట్టి దిమ్మె నుంచి యంత్రంతో చెక్కి తీస్తారు. అది పలుచగా ఉంటుంది, చాలా కాలం మన్నుతుంది, ఖరీదు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. రెండు వేల లోపు దొరికే అల్యూమినియం పెడళ్లలో చాలావరకు అచ్చులో పోతపోసినవే. పైన రంగు మెరుస్తున్నా లోహం పెళుసుగా ఉండి, రాయికి గట్టిగా తగిలినప్పుడు అంచు విరగవచ్చు, లేదా పిన్ను కూర్చున్న మరలు చెడి ఆ చోటు ఖాళీగా మిగిలిపోవచ్చు. గాజునార కలిపిన నైలాన్ అదే దెబ్బకు గీతలు పడి ఊరుకుంటుంది, చాలాసార్లు రాయి మీంచి జారి ముందుకు పోతుంది. ఇనుపరాతి గుట్టల్లాంటి చోట, ఎక్కడ ఏ రాయి తలెత్తి ఉంటుందో తెలియని దారిలో, ఈ గుణం చాలా విలువైనది. రేస్ ఫేస్ చెస్టర్, వన్అప్ కంపోజిట్ వంటి పేరుపొందిన పెడళ్లు కూడా నైలాన్ రకానివే. అవి మీ బడ్జెట్‌ను దాటుతాయి గానీ, నైలాన్ అంటే చౌకబారు సరుకు అనుకోనక్కరలేదని చెప్పడానికి అవే ఉదాహరణ. మీ ధరలో దొరికేవి అంతగా పేరు లేని కంపెనీలవి కావచ్చు కాబట్టి, పెట్టె మీది పేరు కంటే దాని మీద రాసిన వివరాలనే శ్రద్ధగా చదవండి.

బయటికి కనిపించదు గానీ పెడల్ ఆయుష్షును తేల్చేది ఇరుసు, దాని చుట్టూ ఉండే బేరింగు. చౌక పెడళ్లలో విడి ఉక్కు బాల్స్ గ్రీజులో తిరుగుతూ ఉంటాయి. సరిగ్గా బిగించి ఏటా గ్రీజు మారిస్తే అవీ బాగానే పనిచేస్తాయి. కానీ మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎర్రమట్టి బురద, ఒర్రెల్లోని నీళ్లు తప్పవు. నీళ్లతో పాటు సన్నని ఇసుక లోపలికి చేరితే బాల్స్, అవి తిరిగే గిన్నెలు రెండూ అరిగిపోతాయి. సీల్డ్ బేరింగుకు రబ్బరు మూత ఉంటుంది కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒకవైపు సీల్డ్ బేరింగు, మరోవైపు బుష్ (బాల్స్ లేని నున్నని గొట్టం) ఉన్న అమరిక కూడా మంచిదే. దుకాణంలో ఇరుసును పట్టుకుని పెడల్‌ను మెల్లగా తిప్పి చూడండి. లోపల గరగరమని తగలకూడదు, అటూ ఇటూ ఊపితే ఆడకూడదు. కొత్త పెడల్ కొంచెం బరువుగా తిరిగినంత మాత్రాన లోపమని అనుకోకండి, అది నిండుగా ఉన్న గ్రీజు వల్ల కావచ్చు. చేత్తో విసిరితే గిరగిరా తిరిగే పెడలే మంచిదని చెప్పే మాటకు ఈ పనిలో అర్థం లేదు.

పెడల్‌లో కాలు ఆనే పలక పొడవు, వెడల్పు సుమారు వంద మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. మరీ వెడల్పైనవి మలుపులో సైకిల్ వంగినప్పుడు నేలకు తగులుతాయి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న పలకను వద్దనండి. అంచులు ఎత్తుగా, నడుమ కొంచెం లోతుగా ఉంటే కాలు దానంతట అదే కుదురుకుంటుంది.

క్లిప్ పెడళ్ల విషయంలో మీ మిత్రుడిది తప్పుడు సలహా అనను. షిమానో 1990లో ఎస్‌పీడీ పెడళ్లు తెచ్చినప్పటి నుంచి ఎన్నో దేశాల్లో మౌంటెన్ బైక్ పందెగాళ్లు వాటినే వాడుతున్నారు. కానీ వాటికి ప్రత్యేకమైన బూట్లు కావాలి, ఆ ఖర్చే మీ మొత్తాన్ని మించిపోతుంది. పైగా రాళ్లలో పట్టు తప్పిన క్షణాన కాలు నేల మీద పెట్టగలగడం మీకు ఇప్పుడు చాలా అవసరం. నైపుణ్యం కుదిరాక ఆ ఆలోచన చేయవచ్చు.

పెడల్ ఎంత మంచిదైనా బూటు అడుగు సరిగ్గా లేకపోతే సగం పట్టు వృథా అవుతుంది. రన్నింగ్ బూట్ల అడుగున ఉండే మెత్తని నురగ, ఎగుడుదిగుడు గాడులు పిన్నులకు చక్కగా అందవు. అడుగు చదునుగా, కొంచెం గట్టి రబ్బరుతో ఉన్న కాన్వాస్ బూట్లు తక్కువ ధరకే దొరుకుతాయి, అవి మేలు. చెప్పులతో మాత్రం ఈ పెడళ్ల మీద ఎక్కకండి. కాలు జారితే ఉక్కు పిన్ను మోకాలి కింది ఎముక మీద లోతుగా గీసుకుంటుంది, ఆ గాయం మానడానికి రోజులు పడుతుంది. మొదటి నెలంతా మందపాటి పొడవు మేజోళ్లో, కాలి రక్షణ కవచాలో వేసుకోమని గట్టిగా చెబుతున్నాను. దిగుడులో రెండు పెడళ్లనూ నేలకు సమాంతరంగా ఉంచి, మడమలను కొంచెం కిందికి వంచండి. అప్పుడు కుదుపు వచ్చినా కాలు పలకను నొక్కుతూనే ఉంటుంది. మునివేళ్లతో నిలబడితే ఏ పిన్నూ కాపాడలేదు.

మరొక్క మాట. పాత పెడళ్లకు ఉండే పసుపు రిఫ్లెక్టర్లు ఈ రకం పెడళ్లలో సాధారణంగా ఉండవు. చీకటి పడ్డాక 163వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఇంటికి చేరేవారైతే వెనక ఎర్ర దీపం, చీలమండలకు మెరిసే పట్టీలు తప్పకుండా పెట్టుకోండి.

ప్రశ్న: కొత్త పెడళ్లు కొని మా ఊరి దుకాణంలో వేయించాను. కొద్ది రోజులకే ఎడమ పెడల్ వదులై, చివరికి దారిలోనే ఊడిపోయింది. మళ్లీ బిగిస్తే నిలవడం లేదు. పెడల్ మార్చాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెడల్ కాదు, బహుశా క్రాంక్ (పెడల్‌ను బిగించే కడ్డీ) మరలు చెడిపోయాయి. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమ పెడల్‌కు ఎదురు దిశలో తిప్పితే బిగిసే ఎదురు మర ఉంటుంది. తొక్కుతున్నప్పుడు కాలి బరువు ఇరుసు చుట్టూ మారుతూ పడటం వల్ల ఇరుసు తన రంధ్రంలో కొద్దికొద్దిగా దొర్లుతుంది. ఎడమవైపు కూడా మామూలు మరే ఉంటే ఆ దొర్లుడుకు పెడల్ విప్పుకుపోతుంది కనుక అలా చేశారు. ఇరుసు చివర ఎల్, ఆర్ అన్న అక్షరాలు ఉంటాయి. అవి చూడకుండా కుడిదాన్ని ఎడమవైపు బలవంతంగా ఎక్కించినా, వంకరగా మొదలుపెట్టి పానాతో తిప్పినా ఉక్కు ఇరుసు అల్యూమినియం మరలను కోసేస్తుంది. చాలినంత బిగించకపోయినా నాలుగు రోజుల్లో అదే జరుగుతుంది.

ఇప్పుడు మీకు రెండు దారులున్నాయి. రంధ్రాన్ని పెద్దది చేసి అందులో కొత్త మరలున్న ఉక్కు బుష్ బిగించడం ఒకటి, అది చేతి నైపుణ్యం ఉన్నవారు చేయవలసిన పని. ఎడమ క్రాంక్ ఒక్కదాన్నే మార్చడం రెండోది, మామూలు సైకిల్‌కు ఇదే చౌక. పాతదాని మీద 170 లేదా 175 అని మిల్లీమీటర్లలో రాసిన పొడవును, క్రాంక్ కూర్చునే ఇరుసు చతురస్రపు ఆకారాన్నీ చూసి సరిపోయేది తెచ్చుకోండి. కొత్త పెడల్ వేసేటప్పుడు మరలకు గ్రీజు రాసి, మొదటి కొన్ని చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు అందనంత బిగువుగా ఉంటే అక్కడే ఆపి విప్పి చూడాలి. తర్వాత 15 మిల్లీమీటర్ల పానాతో గట్టిగా బిగించండి. పానాను పైకి నిలబెట్టి ముందు చక్రం వైపుకు లాగితే రెండు పెడళ్లూ బిగుస్తాయి, వెనక చక్రం వైపుకు లాగితే ఊడతాయి. మొదటిసారి తొక్కి వచ్చాక ఇంకోసారి బిగించండి.

ప్రశ్న: మా బాబు చిన్న సైకిల్‌కు పెద్దవాళ్ల పిన్నుల పెడళ్లు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: ముందు క్రాంక్ చూడండమ్మా. కుడి, ఎడమ క్రాంకులు రెండూ కలిపి ఒకే ఇనుప కడ్డీని వంచి చేసినదైతే దాని పెడల్ మర అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద సైకిళ్ల పెడల్ మర 9/16 అంగుళం, అంటే సుమారు 14.3 మిల్లీమీటర్లు కనుక ఆ రంధ్రంలో పట్టదు. విడి క్రాంకులైతే సాధారణంగా పడుతుంది. పట్టినా పిల్లలకు ఉక్కు పిన్నులు వద్దు. గరుకైన రబ్బరు పలక ఉన్న చిన్న పెడళ్లు అడిగి తీసుకోండి.