ఆ బొత్తాం ఆయన్నే పెట్టుకోనివ్వండి

ప్రశ్న: అయిదు నెలల క్రితం మావారికి పక్షవాతం వచ్చింది. నడక కుదుటపడింది. ఎడమ చేతి వేళ్లు కాస్త కదులుతున్నా ఆ చేతిని వాడరు. కంచంలో ఎడమవైపు ఉన్నది ముట్టుకోరు. స్నానం, బట్టలు అన్నీ నేనే చూస్తున్నాను. రోజూ రబ్బరు బంతి నొక్కిస్తున్నాను. డాక్టరు ఆక్యుపేషనల్ థెరపీకి వెళ్లమన్నారు. రిటైరైన మనిషికి అదెందుకండీ?

జవాబు: ఆ పేరు వినగానే చాలామంది ఉద్యోగం గురించే అనుకుంటారమ్మా. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే పళ్లు తోముకోవడం, చొక్కా తొడుక్కోవడం వంటి రోజువారీ పనులన్నీ. ఆ పనులే మా మందు.

ముందు కంచం సంగతి. అది మొండితనం కాదు. మెదడు కుడివైపు దెబ్బతింటే కొందరికి ఎడమవైపు ధ్యాసే వెళ్లదు. కొందరికి చూపులోనే ఆ సగం పోతుంది. ఈ రెండిటిలో ఏదన్నది పరీక్షలో తేలాలి. అందాకా బల్ల మీద, కంచానికి ఎడమపక్కన ఎర్ర టేపు అతికించి, అది కనబడేదాకా తల తిప్పమనండి.

ఇక చెయ్యి. ప్రయత్నించి విఫలమైన చేతిని పక్కన పెట్టడం మెదడు త్వరగా నేర్చేసుకుంటుంది. ఆ అలవాటును విడిపించడానికి బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఉంది. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. రెండు వారాల ఈ సాధన ఫలితం ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేవగలిగినవారికే ఇది పనికొస్తుంది. ఇంట్లో మీరే చెయ్యి కట్టేయకండి, తూలి పడే ప్రమాదం ఉంది. బంతి నొక్కించడం నాకు నచ్చదు. చాలామందికి కష్టం పిడికిలి మూయడం కాదు, తెరవడం.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన మూడో బొత్తాం దగ్గర ఆగిపోయారు. అంచు కాజాలోకి దూరుతుంది, బొటనవేలు వణుకుతుంది, జారిపోతుంది. భార్య చెయ్యి రెండుసార్లు ముందుకొచ్చింది. రెండుసార్లూ ఆపాను. ఆ బొత్తానికి పదకొండు నిమిషాలు పట్టింది. పెట్టాక ఆయన దాన్ని నిమురుతూ కూర్చున్నారు. మీ ప్రేమ ఎంతటిదో ఉత్తరంలోనే తెలుస్తోంది. కానీ ఆ పదకొండు నిమిషాలు ఆయనకు ఇవ్వండి.

చొక్కా కుర్చీలో కూర్చునే తొడుక్కోవాలి. ముందు ఎడమ చెయ్యి దూర్చాలి, విప్పేటప్పుడు చివరగా తియ్యాలి. ఆ చెయ్యి పట్టుకుని మాత్రం లేపకండి, భుజం కీలు జారుతుంది. థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన రోజూ వేసుకునే చొక్కా ఒకటి తీసుకెళ్లండి.