మా బాబు మొద్దేనా అని అడిగిన ఒక అమ్మకు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాం. మా బాబు మూడో తరగతి వరకు పాతపట్నంలో అమ్మమ్మ దగ్గరుండి తెలుగు మీడియంలో చదివాడు. నాలుగు నుంచి ఇక్కడ ఒడియా బడి. ఇప్పుడు ఏడు. మార్కుల్ని బట్టి సెక్షన్లు చేశారు, మావాడిది ఆఖరి సెక్షన్. లెక్కల మేష్టారు 47 చెబితే 74 రాస్తున్నాడట. అందరి ముందూ 'మొద్దు' అని పిలుస్తారు. విసుగొస్తే మా వారూ అదే మాట అంటారు. కొట్లో తెలుగువాళ్లకు చిల్లర ఏనాడూ తప్పు ఇవ్వడు. ఒడియావాళ్లు వస్తే మాత్రం నోటితో చెప్పడు, కాలిక్యులేటర్‌లో అంకె చూపిస్తాడు. మొన్న రాత్రి "నేను మొద్దునే కదమ్మా, అక్క చదువుతుందిలే" అన్నాడు. అక్క పదో తరగతి, క్లాసు టాపర్. బాబు బుర్రలో ఏదైనా లోపం ఉందంటారా? ఆంధ్రాలో హాస్టల్లో వేసేయమని మా తమ్ముడు అంటున్నాడు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఒడియావాళ్లు వస్తే నోటితో చెప్పకుండా కాలిక్యులేటర్ చూపిస్తాడన్నారు. అంటే లెక్క వాడికి వచ్చు. నోటికి రానిది ఆ అంకె పేరు.

ఒకసారి పైకి అని చూడండి. తెలుగులో 'నలభై ఏడు' అంటాం. ముందు నలభై వినిపిస్తుంది, తర్వాత ఏడు. విన్న వరసలోనే చెయ్యి 4, 7 అని రాసేస్తుంది. ఒడియాలో అదే అంకె 'సతచాళిశ'. ముందు ఏడు, వెనక నలభై. మూడేళ్లపాటు తెలుగులో అంకెలు రాసిన చెయ్యి ముందు విన్నదాన్ని ముందు రాస్తుంది. అప్పుడు పలక మీద పడేది 74. ఇది బుర్రలో లోపం అవడం కంటే, ఒక భాషలో అలవాటైన చెయ్యి ఇంకో భాషలో పడే తడబాటు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

మరి మూడేళ్లయినా ఎందుకు సర్దుకోలేదని మీకు అనిపించవచ్చు. వాడు నాలుగులో చేరేసరికి తోటి పిల్లలందరికీ ఒడియాలో అంకెలు నోటికి వచ్చేసి ఉంటాయి. ఒక్కడి కోసం ఒకటి నుంచి వందదాకా మళ్లీ ఎవరు చెబుతారు? మొదటిసారి తప్పు రాసినప్పుడు క్లాసు నవ్వి ఉంటుంది. రెండోసారి పేరు పడి ఉంటుంది. పేరు పడ్డాక పిల్లాడు నోరు తెరవడం మానేస్తాడు. నోరు తెరవకపోతే అలవాటు అవదు, అలవాటు అవకపోతే తప్పులు పోవు. ఆ తప్పుల్ని చూసి మేష్టారు తన మాటే నిజమైందనుకుంటారు. 'మొద్దు' అన్న మాట చేసే అసలు చెడు ఇదేనమ్మా. ఆ ఒక్క మాటతో ఎందుకు తప్పుతున్నాడో వెతకడం అందరూ మానేస్తారు. బడిలో వాళ్లూ, ఇంట్లో మీరూ, ఆఖరికి వాడు కూడా.

మాటకు అంత బలం ఉంటుందా అని మీ వారు అడిగితే ఇది చెప్పండి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత కాగితం మీద చిక్కుదారుల బొమ్మల్లో దారి వెతికించారు. మీ బాబు వయసు పిల్లలే. ఎవరి కులమూ చెప్పనప్పుడు అన్ని కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. ఇంకో గుంపు పిల్లలకు అందరి ముందూ ఒక్కొక్కరి పేరూ కులమూ చదివి చేయించేసరికి, తక్కువవని ముద్రపడిన కులాల పిల్లలు అంతకంటే తక్కువ బొమ్మలు పూర్తిచేశారు. రెండు గుంపుల పిల్లల చేతుల్లో తేడా లేదు, బుర్రల్లో తేడా లేదు. అందరి ముందూ ఒక మాట పైకి చదివారు, అంతే. మీ బాబుకు ఆ మాట రోజూ వినిపిస్తోంది.

పెద్దవాళ్ల చూపు కూడా మారిపోతుంది. 1968లో రాబర్ట్ రోజెంతాల్, లెనోర్ జాకబ్సన్ అనే ఇద్దరు అచ్చువేసిన అమెరికా పరిశోధన ఒకటుంది. ఈ ఏడాది ఫలానా పిల్లలు బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. నిజానికి ఆ పేర్లు చీట్లు తీసినట్టు ఊరికే ఏరినవి. ఏడాది తిరిగేసరికి ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు మిగతావాళ్లకంటే ముందుకు పోయారు. ఆ తేడా ఎంత అన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చిన్న తరగతుల్లో మేష్టారి చూపు పిల్లల మీద పనిచేస్తుందని మాత్రం నేను నా పనిలో చాలాసార్లు చూశాను.

నా తప్పు ఒకటి చెబుతాను. ఈ పనిలో చేరిన కొత్తలో ఒక పిల్లాడి ఫైలు మీద 'స్లో లెర్నర్' అని రాశాను. సాయం అందుతుందనే రాశాను. ఆ కుటుంబం ఊరు మారింది, ఫైలూ వెంట వెళ్లింది. కొత్త బడిలో వాణ్ని చూడకముందే ఆ రెండు మాటలూ చదివి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. వాళ్లమ్మ ఏడుస్తూ ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచి పిల్లాడు ఎలాంటివాడో రాయడం మానేశాను. వాడికి ఏం వచ్చో, ఏ చోట ఆగుతున్నాడో మాత్రమే రాస్తున్నాను.

మీరూ ఆ పనే చేయండి. ఈ ఆదివారం కొట్లో గిరాకీ లేని వేళ చూసి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇరవై అంకెలు తెలుగులో చెప్పి రాయించండి. కాసేపాగి అవే అంకెలు వరస మార్చి ఒడియాలో చెప్పండి, లేదా ఒడియా బాగా వచ్చిన పక్కింటివాళ్లను చెప్పమనండి. పరీక్ష అని అనకండి. అక్కను దగ్గర ఉంచకండి. తెలుగులో అన్నీ సరిగ్గా రాసి ఒడియాలోనే తిరగేస్తే సంగతి తెలిసిపోయినట్టే. అప్పుడు వాడికి కావలసింది ట్యూషన్ కూడా కాదు, రోజూ పది నిమిషాలు ఒడియా అంకెలు నోటితో చెప్పడం. కొట్టు కంటే మంచి చోటు దొరకదు. కిలో 48 రూపాయల పంచదార ముప్పావు కిలో ఇచ్చి, వంద నోటుకు 64 తిరిగిచ్చేవాడే కదా. ఆ 64ను ఒడియాలో పైకి చెప్పి ఇమ్మనండి. తప్పు చెబితే ఎవరూ నవ్వకూడదు. ముఖ్యంగా ఇంట్లోవాళ్లు.

తెలుగులో కూడా అంకెలు తారుమారవుతున్నా, తెలుగు కథ చదవడానికే ఇబ్బంది పడుతున్నా ఆలస్యం చేయొద్దు. ముందు కళ్లూ చెవులూ చూపించండి. తర్వాత బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో పిల్లల విభాగంలో గానీ మానసిక వైద్య విభాగంలో గానీ అడగండి. బాబు మాతృభాష తెలుగని, చదువు ఒడియాలో అని మొదటే చెప్పండి. సరిగా రాని భాషలో పరీక్ష పెడితే ఫలితం తప్పుగా రావచ్చు. డిస్‌లెక్సియా (చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది) లాంటిదేదైనా తేలితే భయపడకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అలాంటి నేర్చుకోవడంలో ఇబ్బందుల్ని గుర్తించింది. డాక్టర్ రాసిచ్చే కాగితంతో బడిలో సాయం అడగవచ్చు. ఆ పేరూ 'మొద్దు' అన్న పేరూ ఒకటి కావు. ఆ పేరు వచ్చాక ఏం చేయాలో తెలుస్తుంది.

లెక్కల మేష్టారి దగ్గరకు మీవారూ మీరూ కలిసే వెళ్లండి. గొడవకు కాదు. బాబు రాసిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించండి. చాలామంది మేష్టార్లకు ఇది తట్టి ఉండదు, చూస్తే వెంటనే తెలుస్తుంది. నెలరోజులు ఒడియాలో అంకె చెప్పాక బోర్డు మీద కూడా రాయమని అడగండి. అయినా అందరి ముందూ అదే మాట అంటుంటే హెడ్‌మాస్టర్‌కు రాసివ్వండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

మీ ఊరిలోనే రాజావారి బడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. పిల్లలు మాట్లాడే భాష ఒకటీ పుస్తకంలో భాష ఇంకొకటీ అయితే చదువు ఎలా అబ్బుతుందని జీవితమంతా పోరాడారు. సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని అందులోనే పుస్తకాలు రాశారు. బాబుకు ఆయన గురించి చెప్పండి. భాష తేడా వల్ల తడబడిన పిల్లలు వాడికంటే ముందూ ఆ ఊళ్లో ఉన్నారని తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

హాస్టల్ మాట ఇప్పుడు వద్దు. ఈ స్థితిలో పంపితే నన్ను వదిలించుకున్నారనే అనుకుంటాడు. మళ్లీ కొత్త బడి, కొత్త మీడియం అంటే ఈ తడబాటు మొదటికొస్తుంది. మీ వారికి కూడా మెత్తగానే చెప్పండి. ఆయన ప్రేమ లేక అనడం లేదు. కానీ బడిలో పడ్డ మాట ఇంట్లోనూ వినిపిస్తే, పిల్లాడికి అది కాదని చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు.

ఇంకొక్క మాట. పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, టాపర్ అని. ఆమె మెట్రిక్ ఏడాదిలో ఉంది. ఇంట్లో తమ్ముడు మొద్దు, తను టాపర్. ఒక్క మార్కు తగ్గితే తను ఏమవుతుందో అన్న టెన్షన్ ఆ పిల్లకు ఉండదా? ఎన్ని గంటలకు పడుకుంటోందో, అన్నం సరిగ్గా తింటోందో లేదో చూడండి. ఈ రాత్రి పుస్తకం మూయించి, మార్కుల ఊసెత్తకుండా కాసేపు పక్కన కూర్చోండి. బాబు కాగితాలు రాయించాక అందులో ఏయే అంకెలు తప్పాయో నాకు రాయండి. పాప ఎలా ఉందో కూడా రాయండి.