అంబులెన్సు పిలిస్తే ఫైరింజన్ ఎందుకొచ్చింది? అమెరికాలో సిటీ ఫైర్ డిపార్టుమెంటు ఎలా నడుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు, ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి గుండెల్లో నొప్పి వస్తే 911కి ఫోన్ చేశారు. అంబులెన్సు కంటే ముందు ఫైరింజన్ వచ్చి నలుగురు దిగారు. ఎందుకలా, అసలు ఈ డిపార్టుమెంటులో ఎవరెవరు ఉంటారు, ఎంతమంది కావాలి, ఇంజన్ వచ్చినందుకు కూడా బిల్లు వస్తుందా, మన హైదరాబాద్‌తో పోలిస్తే ఎలా ఉంటుంది అని.

నేనూ డాలస్ శివార్లలోనే ఉంటాను. మా సిటీ వాళ్ళు ఊళ్ళో జనం కోసం సిటిజన్స్ ఫైర్ అకాడమీ అని నడుపుతారు. వారానికో సాయంత్రం క్లాసు, ఫీజేమీ లేదు. ఒక రోజు ఇంజన్ ఎక్కించుకుని వాళ్ళతో పాటు తిప్పుతారు కూడా. కింద రాసినదాంట్లో చాలాభాగం అక్కడ విన్నదీ చూసిందీ.

అమెరికా మొత్తం మీద ఫైర్ డిపార్టుమెంట్లకు వచ్చే కాల్స్‌లో సుమారు మూడింట రెండొంతులు వైద్య సహాయం కోసమే. నిజంగా మంటలార్పే పని నూటికి నాలుగైదు కాల్స్‌కి మించదు. డాలస్‌లోనూ చుట్టుపక్కల చాలా సిటీల్లోనూ అంబులెన్సులు ఫైర్ డిపార్టుమెంటువే, అందులో వచ్చే పారామెడిక్కులు, అంటే అత్యవసర చికిత్సలో శిక్షణ పొందినవాళ్ళు, ఫైర్ ఫైటర్లే. ఇంజన్ మీద కూడా సాధారణంగా ఒక పారామెడిక్ ఉంటాడు. ఆ క్షణంలో మీ ఇంటికి ఏది దగ్గరగా ఉంటే అది ముందు వస్తుంది. అంబులెన్సులు రోగుల్ని దింపడానికి ఆసుపత్రుల దగ్గర ఆగిపోతుంటాయి. ఇంజన్ ఎక్కువసేపు తన పేటలోనే ఉంటుంది కాబట్టి చాలాసార్లు అదే ముందు చేరుతుంది. పైగా గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చెయ్యడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. రెండేసి నిమిషాలకి చేతులు మారాలి, ఒకరు మందు ఎక్కించాలి, ఒకరు ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి. ఆసుపత్రికి బయల్దేరాక వెనకాల చికిత్స చేసేవాళ్ళకి తోడుగా ఇంజన్ వాళ్ళలో ఒకరు అంబులెన్సు ఎక్కుతారు.

ఇక ఎంతమంది కావాలన్న ప్రశ్న. దీన్ని మనుషుల లెక్కలో కాకుండా సీట్ల లెక్కలో చూడాలి. కెరీర్ డిపార్టుమెంట్లకు, అంటే జీతాల మీద పనిచేసేవాటికి, ఎన్‌ఎఫ్‌పీఏ (నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్) వాళ్ళ 1710 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఇంజన్ మీద కనీసం నలుగురు ఉండాలి. మంటల కాల్ అయితే 80 సెకన్లలో, వైద్యం కాల్ అయితే 60 సెకన్లలో స్టేషన్ నుంచి కదలాలి, మొదటి ఇంజన్ నాలుగు నిమిషాల ప్రయాణంలో చేరాలి. స్టేషన్లు ఎక్కడ కట్టాలో తేల్చడంలో ఈ నాలుగు నిమిషాలకి పెద్ద పాత్ర ఉంటుంది.

ఆ సీట్లు రాత్రీ పగలూ, క్రిస్మస్ నాడు కూడా నిండి ఉండాలి. ఇక్కడ ఎక్కువగా 24 గంటలు డ్యూటీ, 48 గంటలు సెలవు. ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు. సగటున వారానికి 56 గంటలు. మన ఆఫీసుల్లో వాడుకగా చెప్పుకునే 40 గంటల వారం వీళ్ళకి లేదు. ఫెడరల్ చట్టం వీళ్ళ ఓవర్‌టైం గీతని 28 రోజుల లెక్కన 212 గంటల దగ్గర గీసింది. ఒక స్టేషన్‌లో ఇంజనుకి నలుగురు, అంబులెన్సుకి ఇద్దరు అనుకోండి. ఆరు సీట్లు, మూడు షిఫ్టులు, 18 మంది. కానీ సెలవులు, జ్వరాలు, ట్రైనింగులు, డ్యూటీలో తగిలే దెబ్బలు ఉంటాయి కదా. అవి కలుపుకుంటే ఆరు సీట్లకి 22 మంది దాకా లేనిదే బండి నడవదు. మనిషి తక్కువైతే రాత్రంతా పనిచేసి ఇంటికి బయల్దేరుతున్నవాణ్ణి ఆపి ఇంకో షిఫ్టు చేయిస్తారు. ఓవర్‌టైం బిల్లు పెరుగుతుంది, మనిషీ నలిగిపోతాడు.

అందుకే కొత్త కాలనీలు లేచినప్పుడు "మాకో ఫైర్ స్టేషన్ కావాలి" అని సిటీ కౌన్సిల్ మీటింగుల్లో అడిగేవాళ్ళని చూస్తే నాకు అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదనిపిస్తుంది. బిల్డింగు, ఇంజను ఒకసారి ఖర్చు. ఆ సీట్లలో కూర్చునేవాళ్ళ జీతాలు మాత్రం ప్రాపర్టీ టాక్సు నుంచీ సేల్స్ టాక్సు నుంచీ ఏటా రావాలి.

ఇంజన్ మీద ముందు సీట్లో కుడిపక్క కూర్చునేవాడు కెప్టెన్, కొన్ని ఊళ్ళలో లెఫ్టినెంట్. బండి నడిపేవాడే పంపు కూడా చూస్తాడు. వెనక ఇద్దరు ఫైర్ ఫైటర్లు. పొడుగు నిచ్చెన ఉన్న ట్రక్కు వేరు, దాని పని వెతకడం, పొగ బయటికి పంపడం, తలుపులు బద్దలుకొట్టడం. నాలుగైదు స్టేషన్లకి కలిపి ఒక బెటాలియన్ చీఫ్, ఆయనకో ఎస్‌యూవీ. ఆ పైన డిప్యూటీ, అసిస్టెంట్ చీఫులు, అందరి మీదా ఫైర్ చీఫ్. సిటీ మేనేజర్ (పాలన నడపడానికి కౌన్సిల్ పెట్టుకునే అధికారి) ఉన్న ఊళ్ళలో చీఫ్‌ని నియమించేది ఆ మేనేజరే. టెక్సాస్‌లో ఫైర్, పోలీసు ఉద్యోగాల నియామకాలకీ ప్రమోషన్లకీ సివిల్ సర్వీస్ చట్టం అని ఒకటుంది. దానికి ఓటేసి ఒప్పుకున్న సిటీల్లో ప్రమోషన్లు చాలావరకు రాతపరీక్ష మార్కుల వరసలోనే వస్తాయి. మా ఊరి స్టేషన్లో ఒకాయన డ్యూటీ మధ్యలో కెప్టెన్ పరీక్షకి చదువుకుంటూ కనిపించాడు, మన గ్రూప్స్ అభ్యర్థుల్లాగే పుస్తకం నిండా రంగు గీతలు.

ఇల్లు అంటుకుంటే అన్ని బండ్లు ఎందుకొస్తాయని కూడా చాలామంది అడుగుతుంటారు. 2,000 చదరపు అడుగుల రెండంతస్తుల మామూలు ఇంటికే పైన చెప్పిన ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణం కనీసం 16 మందిని పంపమంటుంది. ఒకరు కమాండ్, ఒకరు పంపు దగ్గర, రెండు గొట్టాలకి నలుగురు, వాళ్ళకి సాయంగా ఇద్దరు, లోపల మనుషుల్ని వెతకడానికి ఇద్దరు, పొగ బయటికి పంపడానికి ఇద్దరు. మిగిలిన నలుగురు బయట సిద్ధంగా నిలబడి ఉంటారు. లోపలికెళ్ళిన ఫైర్ ఫైటర్ చిక్కుకుంటే వాణ్ణి బయటికి లాక్కురావడమే వాళ్ళ పని. ఖాళీగా నిలబడ్డారని ఎవరో వీడియో తీసి పెడితే నాకు ఒళ్ళు మండింది. ఇద్దరు లోపలికెళ్తే ఇద్దరు బయట ఉండి తీరాలన్నది నియమం. ప్రాణం పోతుందని తెలిసినప్పుడు మాత్రమే దానికి మినహాయింపు.

గ్రోసరీ షాపు ముందు ఫైరింజన్ ఆగి ఉండటం మీరు చూసే ఉంటారు. వాళ్ళు డ్యూటీలోనే ఉన్నారు. తిండి సరుకులు తమ డబ్బుతోనే కొంటారు, నలుగురూ ఒకే బండిలో వెళ్తారు. కాల్ వస్తే షాపింగ్ కార్టు నిండా సామాను అక్కడే వదిలేసి పరుగెత్తాలి.

మనవాళ్ళకి ఎక్కువ తగిలేది ఫైర్ మార్షల్ ఆఫీసు. తనిఖీలు, మంట ఎలా పుట్టిందో విచారణ, ప్లాన్ల పరిశీలన వాళ్ళ పని. టెక్సాస్‌లో చాలామంది మార్షళ్ళకి అరెస్టు చేసే అధికారం కూడా ఉంటుంది. మా తెలుగు సంఘం ఉగాదికి స్కూల్ ఆడిటోరియం తీసుకున్నప్పుడు జ్యోతి ప్రజ్వలన గురించి వాళ్ళు ఎన్నో ప్రశ్నలు అడిగారు: మంట ఎంతసేపు, పక్కన కర్టెన్ ఉందా, నిప్పులార్పే సిలిండర్ ఎవరి చేతిలో ఉంటుంది, కుర్చీల మధ్య దారి ఎంత. గృహప్రవేశం హోమానికైతే ముందురోజే మీ అలారం కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే పంతులుగారి మంత్రాల మధ్యలో ఇంజన్ దిగుతుంది. ఇలాంటి తప్పుడు అలారాలు పదే పదే అయితే చాలా సిటీలు ఫైన్ వేస్తాయి.

హైదరాబాద్‌తో పోల్చి అడిగారు కాబట్టి ఒక మాట. అక్కడ ఫైర్ స్టేషన్లు రాష్ట్ర ప్రభుత్వ అగ్నిమాపక శాఖవి, జీహెచ్ఎంసీవి కావు. ముంబయిలో మాత్రం కార్పొరేషన్‌వే. మనకి అంబులెన్సు 108 వేరు, అది 2005 ఆగస్టు 15న మొదలైంది, మంటలకి 101 వేరు. అమెరికాలో కూడా అంతటా ఒకే తీరు లేదు. దేశం మొత్తంలో ఫైర్ ఫైటర్లలో దాదాపు 65 శాతం మంది వాలంటీర్లు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ చిన్న ఊళ్ళలో అది మామూలు. మన చుట్టుపక్కల సిటీలవి జీతాల డిపార్టుమెంట్లు.

బిల్లు సంగతి: ఇలాంటి కాల్‌కి ఇంజన్ వచ్చినందుకు సాధారణంగా ఏమీ వెయ్యరు. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు కాబట్టి అంబులెన్సు బిల్లు మాత్రం వస్తుంది, ఒక బేస్ చార్జి, దాని మీద మైలుకింత. ఆయనది విజిటర్ ఇన్సూరెన్స్ అయితే పాలసీలో గ్రౌండ్ అంబులెన్సుకి ఎంతవరకు ఇస్తారో ఇప్పుడే చూసిపెట్టుకోండి. ఆ బిల్లు చాలాసార్లు సిటీ పేరుతో కాకుండా ఏదో బిల్లింగ్ కంపెనీ కవర్లో కొన్ని వారాల తర్వాత వస్తుంది. స్కామ్ అనుకుని పారెయ్యకండి.